సిర్కా, వెలుతురు, ఒక్క నిమిషం: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను రాకముందే ఎలా చూస్తారు?

కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు తెల్లసొన నిజానికి తెల్లగా ఉండదు. నీళ్లలా ఉంటుంది, కింద గిన్నె అడుగు కూడా కనిపిస్తుంది. పెనం మీద వేడి తగిలితేనే తెల్లబడుతుంది. అందులోకి కొత్తగా తెల్లరంగేమీ వచ్చి చేరలేదు. లోపలి ప్రోటీన్లు ముద్దకట్టాయి, అంతే. ఇంతకుముందు వాటిని దాటుకుని పోయిన వెలుతురు ఇప్పుడు ఆ ముద్దలకు తగిలి చెదిరిపోయి కంటికి తిరిగొస్తోంది. దాన్నే మనం తెలుపు అంటున్నాం.

ఆడవాళ్ల ప్రాణాలు తీసే ఒక క్యాన్సర్‌ను, అది ఇంకా క్యాన్సర్ కాకముందే పట్టుకునే పరీక్ష దాదాపు ఇదే సూత్రం మీద నడుస్తుంది. వేడికి బదులు అక్కడ వాడేది సిర్కా. ఇళ్లలో ఉల్లిగడ్డ ముక్కలు నానబెట్టుకునే సిర్కాలో, అంటే వెనిగర్‌లో, ఉండేది ఎసిటిక్ ఆమ్లం. దాన్ని 3 నుంచి 5 శాతం ఉండేలా శుభ్రమైన నీళ్లలో కలిపి, గర్భాశయ ముఖద్వారం మీద దూదితో అద్దుతారు. ఒక నిమిషం ఆగుతారు. మంచి వెలుతురులో చూస్తారు. డాక్టర్లు ఈ పరీక్షను వీఐఏ అంటారు.

ఆరోగ్యంగా ఉన్న చోట పెద్దగా ఏమీ కాదు. పైపొర పల్చగా, అద్దంలా ఉంటుంది కాబట్టి వెలుతురు దాన్ని దాటి కిందున్న రక్తనాళాల దాకా పోయి గులాబీ రంగులో తిరిగొస్తుంది. క్యాన్సర్ దారి పట్టిన కణాల సంగతి వేరు. కణం మధ్యలో గింజలా ఉండే కేంద్రకం వాటిలో ఉబ్బిపోయి ఉంటుంది. కణాలు కూడా రద్దీ బస్సులో జనంలా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉంటాయి. ప్రోటీన్ ఎక్కువ, ఖాళీ తక్కువ. సిర్కా తగలగానే ఆ ప్రోటీన్ ముద్దకట్టి, ఆ చోటు మాత్రం చిక్కటి తెల్లమచ్చలా తేలుతుంది. కాసేపటికి ఆ తెలుపు దానంతట అదే పోతుంది. చిన్న మంట తప్ప వేరే బాధ ఉండదు.

ఇది చదివి ఇంట్లో సిర్కాతో ప్రయోగాలు చేయకూడదని వేరే చెప్పాలా? చెప్పాల్సే ఉంది. ముఖద్వారం యోని లోపల చివరన ఉంటుంది, ఎవరికి వారు చూసుకోలేరు. సీసాలో సిర్కా లోపల పోసుకుంటే పుండు పడటం తప్ప ఏమీ తెలియదు.

నొప్పి లేని పదిహేనేళ్లు

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మంది మహిళలకు కొత్తగా ఈ క్యాన్సర్ బయటపడింది. దాదాపు 80,000 మంది చనిపోయారు. రొమ్ము క్యాన్సర్ తరవాత మన ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. బాధ కలిగించే విషయం ఏమిటంటే, పెద్ద క్యాన్సర్లలో ముందే ఆపడానికి బాగా వీలున్నది కూడా ఇదే.

దాదాపు అన్ని కేసుల్లోనూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. జర్మనీ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ ఈ సంబంధాన్ని నిరూపించి 2008లో నోబెల్ అందుకున్నారు. ఈ వైరస్‌లో చాలా రకాలున్నా 16, 18 అనే రెండు రకాలే సుమారు 70 శాతం క్యాన్సర్లకు కారణం. పెళ్లయిన వాళ్లలో ఎక్కువ మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, రెండేళ్లలోపు శరీరమే దాన్ని తరిమేస్తుంది. కొద్దిమందిలో మాత్రం పోకుండా తిష్ట వేస్తుంది. అలా ఉండిపోయి, కణాలను మార్చి, క్యాన్సర్ దాకా తీసుకెళ్లడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన వాళ్లలో 5 నుంచి 10 ఏళ్లే.

ఈ మధ్యకాలాన్నే ముందు దశ, ప్రీక్యాన్సర్ అంటారు. ఆ ఏళ్లన్నీ నొప్పి ఉండదు, రక్తం పోదు, తెల్లబట్ట కూడా మామూలుగానే ఉండొచ్చు. 'నాకేం కాలేదు, నాకెందుకు పరీక్ష' అనే మాట ఇక్కడ పనికిరాదు. ఏమీ కానప్పుడే చేయాల్సిన పరీక్ష ఇది. కలిసిన తరవాత రక్తం కనిపించడం, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం పోవడం, నెలసరి ఆగిపోయిన తరవాత మళ్లీ రావడం, దుర్వాసనతో తెల్లబట్ట... ఇవి కనిపిస్తే శిబిరం కోసం ఆగకూడదు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ముందు దశ అంతా క్యాన్సర్ అయిపోదు. తేలికపాటి మార్పులు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. తీవ్రమైన మార్పులను వదిలేస్తే ఏమవుతుందో న్యూజీలాండ్‌లో ఒక చేదు అనుభవం చెప్పింది. ఆక్లాండ్‌లోని ఒక ఆసుపత్రిలో కొంతమంది మహిళలకు 1950ల నుంచి 70ల దాకా సరైన చికిత్స చేయకుండా చూస్తూ ఊరుకున్నారు. వాళ్ల రికార్డులను తరవాత పరిశీలిస్తే 30 ఏళ్లలో 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చినట్టు తేలింది. చికిత్స సరిగా అందిన వాళ్లలో అది ఒక శాతానికి కూడా చేరలేదు.

ఆ చికిత్స కూడా పెద్దదేం కాదు. సుమారు 100 డిగ్రీల వేడి ఉన్న చిన్న మొనను ఆ మచ్చ మీద అర నిమిషం ఆనిస్తారు, లేదా చల్లటి వాయువుతో గడ్డకట్టిస్తారు, లేదా సన్నటి కరెంటు తీగతో ఆ పొర వరకు తీసేస్తారు. మొదటి రెండింటికీ చాలాసార్లు మత్తు కూడా అక్కర్లేదు. గర్భసంచి ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఈ మాట నొక్కి చెప్పడానికి కారణం ఉంది. చిన్న వయసులోనే గర్భసంచి తీసేసే ఆపరేషన్లు దేశంలో ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. 'పుండు ఉంది, రేపు క్యాన్సర్ అవుతుంది, తీసేద్దాం' అన్న ఒక్క మాటకు భయపడి ఒప్పుకున్న కుటుంబాలు ఎన్నో. సిర్కా పరీక్షలో తెల్లమచ్చ కనిపించినంత మాత్రాన గర్భసంచి తీయాల్సిన అవసరం లేదు. అలా ఎవరైనా అంటే, కాల్పోస్కోపీ చేశారా, ముక్క తీసి పరీక్షకు పంపారా, రిపోర్టు ఏదీ అని అడగాలి.

వందేళ్ల కిందటి భూతద్దం

వెలుతురుతో ముఖద్వారాన్ని పరీక్షించడం కొత్త సంగతి కాదు. 1925లో జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మాన్ అనే డాక్టర్ స్టాండుకు భూతద్దాలు, దీపం బిగించి మొదటి కాల్పోస్కోప్ తయారు చేశారు. ఇప్పటికీ పెద్దాసుపత్రుల్లో వాడేది దాని మనవడే. ముఖద్వారానికి అడుగు దూరంలో నిలబెట్టి, పెద్దది చేసి చూస్తారు. ఆయన పేరు చెప్పినప్పుడు మరో విషయం కూడా చెప్పాలి. నాజీల కాలంలో రోమా తెగ మహిళలకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసిన కేసులో యుద్ధం తరవాత ఆయనకు జైలు శిక్ష పడింది. పరికరం మంచిదైనంత మాత్రాన పట్టుకున్న చెయ్యి మంచిది కానక్కర్లేదు. పరీక్షకు ముందు ఆ మహిళ ఒప్పుకోలు ఎందుకు అడగాలో ఇంతకన్నా వేరే చెప్పనక్కర్లేదు.

కొన్నేళ్లకే వియన్నాలో వాల్టర్ షిల్లర్ అయోడిన్ పూసి చూశారు. బంగాళదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నల్లనీలం రంగు రావడం పిల్లలు స్కూల్లో చూసే ఉంటారు. దుంపలో పిండి పదార్థం ఉన్నట్టే ముఖద్వారం మీది ఆరోగ్యమైన కణాల్లో గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది. అయోడిన్ తగిలితే అది ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. దారి తప్పిన కణాలకు నిల్వ ఉంచుకునే తీరిక ఉండదు, పెరగడమే పని. అక్కడ రంగు పట్టదు, ఆవాల పచ్చగా మిగిలిపోతుంది.

మూడోది ఆకుపచ్చ వెలుతురు. రక్తం ఆకుపచ్చ వెలుతురును మింగేస్తుంది కాబట్టి ఆ దీపం కింద రక్తనాళాలు నల్లటి గీతల్లా తేలతాయి. పెరిగే కణాలు తమ తిండి కోసం కొత్త నాళాలు రప్పించుకుంటాయి. అవి చుక్కలు చుక్కలుగా, లేదంటే గచ్చు మీద పరిచిన పలకల మధ్య గీతల్లా కనిపిస్తాయి. అనుభవమున్న డాక్టర్ ఆ గీతలను చూసే, ముక్క ఎక్కడ తీయాలో నిర్ణయిస్తారు.

అదే సిర్కా, నాలుగు చోట్ల నాలుగు ఫలితాలు

పాప్ పరీక్ష మంచిదే. కాని దానికి ల్యాబు కావాలి, స్లైడు చదివే నిపుణుడు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ మహిళ రిపోర్టు కోసం మళ్లీ రావాలి. ఒక రోజు కూలి పోగొట్టుకుని, పిల్లలను పక్కింట్లో వదిలి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒకసారి వచ్చిన మనిషి రెండోసారి వస్తుందా? సిర్కా పరీక్ష బలం అక్కడే ఉంది. ఫలితం నిమిషంలో తెలుస్తుంది, వీలైతే చికిత్స కూడా అదే పూట అయిపోతుంది.

ఇది నిజంగా ప్రాణాలు కాపాడుతుందా అన్నది మన దేశంలోనే పెద్ద ఎత్తున పరీక్షించారు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో నర్సులు 30 నుంచి 59 ఏళ్ల మహిళలకు ఒక్కసారి ఈ పరీక్ష చేశారు. ఆ తరవాతి ఏళ్లలో అక్కడ ఈ క్యాన్సర్ 25 శాతం, మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో ప్రకటించారు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన అధ్యయనం ఇంకా పెద్దది. బస్తీల్లోని సుమారు 1,50,000 మంది మహిళలు అందులో ఉన్నారు. పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, పదో తరగతి చదివి నాలుగు వారాల శిక్షణ తీసుకున్న స్థానిక మహిళలు. రెండేళ్లకోసారి నాలుగు విడతలు చూశారు. 12 ఏళ్ల తరవాత లెక్క తీస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పోల్చి చూడటానికి పెట్టుకున్న రెండో సగం మహిళలకు అన్నేళ్లూ పరీక్ష చేయకపోవడం న్యాయమేనా అన్న విమర్శ కూడా అప్పుడు గట్టిగానే వచ్చింది.

ఇక్కడితో ఆగితే కథ అందంగా ఉండేది. కాని మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో సుమారు 1,30,000 మంది మీద చేసిన అధ్యయనంలో సిర్కా పరీక్ష మరణాలను చెప్పుకోదగ్గంతగా తగ్గించలేకపోయింది. ఒక్కసారి చేసిన హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష మాత్రం దాదాపు సగానికి తగ్గించింది. హైదరాబాద్ పక్కనే మేడ్చల్ మండలంలో ఒకే మహిళలకు సిర్కా, పాప్, హెచ్‌పీవీ మూడు పరీక్షలూ చేసి పోల్చారు. 2010లో వచ్చిన ఆ ఫలితాల్లో సిర్కా మిగతా రెండింటికంటే వెనకబడింది.

ఒకే సిర్కా, ఒకే వెలుతురు ఉన్నా ఫలితాలు ఎందుకు మారాయి? చూసే కన్ను మారింది కాబట్టి. వాపు ఉన్నా, మామూలుగా కొత్త పొర వస్తున్నా కొద్దిగా తెల్లబడుతుంది. ఏది మామూలు తెలుపు, ఏది అనుమానించాల్సిన తెలుపు అన్నది అభ్యాసంతో వస్తుంది, మళ్లీ మళ్లీ శిక్షణ లేకపోతే పోతుంది. వెలుతురు మసకగా ఉన్నా, సిర్కా పాతబడినా, రోజుకు 60 మందిని చూసి కళ్లు అలసినా తేడా వస్తుంది. ముంబైలో ఆ పర్యవేక్షణ ఏళ్ల తరబడి గట్టిగా సాగింది. ప్రతి పీహెచ్‌సీలో అది సాధ్యమా అన్నదే అసలు ప్రశ్న.

ఇంకో పరిమితి వయసుది. మార్పులు మొదలయ్యేది రెండు రకాల పొరలు కలిసే సరిహద్దు దగ్గర. నెలసరి ఆగిపోయే వయసు వచ్చేసరికి ఆ సరిహద్దు లోపలి సందులోకి జరిగిపోతుంది. వెలుతురు పడని చోటును ఏ కన్నూ చూడలేదు. అందుకే 50 దాటిన వాళ్లకు 'సిర్కా పరీక్షలో ఏమీ లేదు' అన్న మాట మీద పూర్తిగా ఆధారపడకూడదు.

కంటికి సాయంగా వచ్చిన యంత్రాలు

గత 30 ఏళ్లుగా ఈ రంగంలో జరుగుతున్న పరిశోధన అంతా ఒక్క ప్రయత్నమే: మనిషి కన్ను మీద భారం తగ్గించడం. తెల్లమచ్చను 'ఉంది, లేదు' అని అంచనా వేసే బదులు ఎంత వేగంగా తెల్లబడింది, ఎంతసేపు నిలిచింది అని కెమెరాతో కొలిస్తే? గ్రీస్ శాస్త్రవేత్తల ఈ ఆలోచన నుంచి వచ్చిన డైసిస్ యంత్రం మచ్చ మీద రంగుల పటం వేసి చూపిస్తుంది. బ్రిటన్‌లో ఆసుపత్రుల వాడకానికి సిఫారసు కూడా అయింది. ఖరీదైన వస్తువు, పల్లె దవాఖానకు వచ్చేది కాదు.

అమెరికాలో రెబెక్కా రిచర్డ్స్ కోర్టమ్, నిమ్మి రామానుజం 1990ల మొదట్లో మరో దారి పట్టారు. మన కణాలు, వాటి కింది పీచు పదార్థం అతినీలలోహిత వెలుతురు పడితే వాటంతట అవే సన్నగా మెరుస్తాయి, నైట్‌క్లబ్బు దీపాల కింద తెల్లచొక్కా మెరిసినట్టు. కణాలు దారి తప్పినప్పుడు శక్తిని ఖర్చు చేసే తీరు మారుతుంది, కింది పీచు కరుగుతుంది. దాంతో పైన మెరుపు పెరిగి, కింద తగ్గుతుంది. రంగు పూయకుండా, ముక్క తీయకుండా ఆ తేడాను చదవొచ్చని వాళ్లు చూపించారు. మన సీవీ రామన్ 1928లో కనిపెట్టిన ప్రభావం కూడా ఈ పనికి వచ్చింది. కణం నుంచి చెదిరి వచ్చే వెలుతురులో ఎంతో కొద్ది భాగం రంగు మార్చుకుంటుంది. ఆ మార్పు లోపలి రసాయనాల వేలిముద్ర లాంటిది. నవీ ముంబైలోని టాటా మెమోరియల్ పరిశోధన కేంద్రం ముఖద్వారం మీద ఈ కొలతలు తీసింది. ఇవన్నీ శాస్త్రంగా గట్టివి, కాని ఇంకా ఎక్కువగా పరిశోధన గదుల్లోనే ఉన్నాయి.

గదులు దాటి వ్యాను ఎక్కినది మరొకటి ఉంది. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో రిచర్డ్స్ కోర్టమ్ బృందం పెన్సిల్ సీసం అంత సన్నటి ఫైబర్ కట్టతో ఒక చిన్న సూక్ష్మదర్శిని తయారు చేసింది. ముఖద్వారం మీద పసుపు రంగు ప్రొఫ్లావిన్ చుక్క వేసి, నీలి వెలుతురు పంపితే కేంద్రకాలు చీకట్లో నక్షత్రాల్లా వెలుగుతాయి. అవి చిన్నవిగా, దూరం దూరంగా ఉంటే మామూలు. పెద్దవిగా, గుంపులుగా ఉంటే అనుమానం. కంప్యూటరే లెక్కపెట్టి చెబుతుంది. అంటే ముక్క తీసి వారాల తరబడి ఆగకుండా, ముక్క పరీక్షలో చూసేదాన్ని అక్కడికక్కడే చూడటం. బ్రెజిల్‌లోని బారెటోస్ క్యాన్సర్ ఆసుపత్రి దీన్ని వ్యానులో పెట్టి ఊళ్లకు పంపింది. పాప్ పరీక్షలో తేడా వచ్చిన మహిళల్లో కొందరిని పెద్దాసుపత్రికి రమ్మన్నారు, కొందరి ఊరికే వ్యాను వెళ్లింది. వ్యాను వెళ్లిన చోట మిగతా పరీక్షలు పూర్తి చేయించుకున్నవారు బాగా ఎక్కువ. ఇందులో సగం ఘనత వెలుతురుది అయితే సగం చక్రాలది.

డ్యూక్ యూనివర్సిటీలో నిమ్మి రామానుజం బృందం కాల్పోస్కోప్‌ను చేతిలో పట్టేంత చిన్నది చేసింది. అడుగు దూరం నుంచి చూడాలంటే పెద్ద లెన్సులు కావాలి, కెమెరానే దగ్గరికి తీసుకెళితే అక్కర్లేదు కదా! ఆ పాకెట్ కాల్పోస్కోప్ తరవాత వాళ్లే కాలాస్కోప్ అని ఇంకొకటి చేశారు. దీనికి స్పెక్యులమ్ అక్కర్లేదు. బాతు ముక్కులా తెరుచుకునే ఆ ఇనుప పరికరం పేరు వింటేనే పరీక్ష వద్దనే మహిళలు చాలామంది. కాలాస్కోప్‌ను కావాలంటే ఆ మహిళే తన చేత్తో లోపలికి పెట్టుకోవచ్చు. మన దేశంలోనూ పుణెలోని పెరివింకిల్ టెక్నాలజీస్ 'స్మార్ట్ స్కోప్' పేరుతో చేతిలో ఇమిడే పరికరం తెచ్చింది.

కంప్యూటర్ చూసి చెబితే?

2019లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ నుంచి ఒక సంచలన వార్త వచ్చింది. కోస్టారికాలో 1990లలో వేలమంది మహిళల ముఖద్వారాన్ని ఫోటోలు తీసి, ఏళ్ల తరబడి వాళ్లలో ఎవరికి ఏమైందో గమనించారు. ఆ ఫోటోలతో కంప్యూటర్‌కు శిక్షణ ఇస్తే ముందు దశను అది డాక్టర్ల కన్ను కంటే బాగా పట్టింది. ఇక పీహెచ్‌సీలో ఫోన్‌తో ఫోటో తీస్తే చాలు అన్నారు.

తరవాత అసలు కష్టం బయటపడింది. ఆ ఫోటోలు ఒక ప్రత్యేక ఫిల్మ్ కెమెరాతో తీసినవి, ఆ కెమెరా ఇప్పుడు తయారవ్వదు. ఫోన్‌తో తీసిన ఫోటో ఇస్తే కంప్యూటర్ తడబడింది. ఒకే మహిళను ఒకే పూట రెండుసార్లు ఫోటో తీస్తే రెండు జవాబులు వచ్చిన సందర్భాలున్నాయి. తప్పును ఆ పరిశోధకులే బయటపెట్టి పద్ధతి మార్చుకోవడం మెచ్చుకోదగ్గది. ఇప్పుడు వాళ్లు ముందు హెచ్‌పీవీ పరీక్ష చేసి, వైరస్ ఉన్నవాళ్లను మాత్రమే కెమెరాతో చూసే పద్ధతిని పలు దేశాల్లో పరీక్షిస్తున్నారు. 'ఏఐ ఉంది, నూటికి నూరు శాతం చెబుతుంది' అనే శిబిరాల ప్రకటన చూసినప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

ఫోటో అనగానే మన ఇళ్లలో ముందుగా వచ్చే ప్రశ్న వేరే. ఆ ఫోటో ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న అడగడంలో తప్పేమీ లేదు, అడిగిన ఆమెను చదువురానిదని చూడటం తప్పు. ఫోటోలో పడేది రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్దదైన ముఖద్వారం మాత్రమే, ముఖం కాని ఒళ్లు కాని పడదు. కాని దాని పక్కన పేరు, ఫోన్ నంబరు ఉంటే సంగతి మారుతుంది. పేరుతో దాస్తారా, నంబరుతోనా, ఎవరి ఫోన్‌లో ఉంటుంది, ఎవరు చూస్తారు అని ముందే అడగొచ్చు. ఫోటో వద్దు, కంటితో చూడండి అనొచ్చు. తలుపు మూయమనడం, లేడీ డాక్టర్ లేదా నర్సే చేయాలని కోరడం, తోడుగా అమ్మీనో ఖాలానో అక్కనో పక్కన ఉంచుకోవడం కూడా ఆమె హక్కే. సిర్కా పరీక్ష చేసేది చాలాచోట్ల శిక్షణ పొందిన నర్సులే కాబట్టి ఇది దొరకని కోరికేమీ కాదు.

ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి

హెచ్‌పీవీ పాజిటివ్ అని కాగితం మీద రాగానే కొన్ని ఇళ్లలో అనుమానం మొదలవుతుంది. ఎవరి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని. ఆ కాగితం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు, చెప్పలేదు. వైరస్ ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండగలదు, మగవాళ్లలో చాలాసార్లు ఏ గుర్తూ లేకుండా ఉంటుంది. ఒక్క భర్తతోనే జీవితమంతా గడిపిన మహిళకూ ఈ క్యాన్సర్ రావొచ్చు. రిపోర్టు ఆరోగ్యం గురించి చెబుతుంది, నడత గురించి కాదు. వితంతువులు, విడాకులైనవాళ్లు 'ఇప్పుడు నాకెందుకు' అనుకుంటారు. 20 ఏళ్ల కిందట సోకింది ఇప్పుడు బయటపడొచ్చు కాబట్టి వాళ్లకూ పరీక్ష అవసరమే.

కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఐదేళ్లకోసారి సిర్కా పరీక్ష చేయాలి. 2016 నుంచి ఈ ఆదేశం ఉంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు 1.9 శాతం. అంటే 50 మందిలో ఒక్కరు. దగ్గరి పీహెచ్‌సీలో గాని బస్తీ దవాఖానలో గాని ఏఎన్ఎంను 'ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఎక్కడ, ఏ రోజు చేస్తారు' అని సూటిగా అడిగితేనే దారి తెలుస్తుంది. బీపీ, షుగర్ చూసి 'స్క్రీనింగ్ అయిపోయింది' అంటే ఇది అయిపోయినట్టు కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి వీలున్న చోటల్లా హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్షనే మొదటి పరీక్షగా చేయమంటోంది. 30 ఏళ్ల నుంచి మొదలుపెట్టి 5 నుంచి 10 ఏళ్లకోసారి, హెచ్ఐవీ ఉన్నవాళ్లకు 25 నుంచే, 3 నుంచి 5 ఏళ్లకోసారి. దీనికి నమూనాను ఆ మహిళ స్వయంగా, తెర వెనక, చిన్న బ్రష్షుతో తీసి ఇవ్వొచ్చు. ఎవరూ చూడాల్సిన పని లేదు, వయసు పైబడిన వాళ్లకూ పనికొస్తుంది. అందులో వైరస్ కనిపించిన కొద్దిమందికే ఆ తరవాత వెలుతురు, సిర్కా, కాల్పోస్కోప్ అవసరం పడతాయి. టీకా వేయించుకున్న ఆడపిల్లలు కూడా 30 దాటాక పరీక్ష మానకూడదు, టీకా అన్ని రకాల వైరస్‌లను ఆపదు.

పరీక్షకు నెలసరి లేని రోజు ఎంచుకోవాలి. ముందు రెండు రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండటం, లోపల మందులు, క్రీములు వాడకపోవడం మంచిది. గర్భంతో ఉంటే ముందే చెప్పాలి. చేయడానికి పట్టేది ఐదు నుంచి పది నిమిషాలు. తెల్లమచ్చ ఉందంటే, 'చికిత్స ఇవాళే చేస్తారా, లేకపోతే ఎక్కడికి, ఏ తేదీకి వెళ్లాలి' అని అక్కడే కాగితం మీద రాయించుకుని రావాలి.